దొరసాని గారి బండి

ఆ బండిని మాకు ఇచ్చిన రోజున దాని వెనక బల్ల కింద ఒక కోడి పొదుగుతూ కూర్చుని ఉంది. మా ఆయన తలుపు లాగితే తలుపు చేతికొచ్చింది. దాన్ని మెల్లగా గోడకు ఆనించి, లోపలికి వంగి చూసి, "పిల్లలు లేచేదాకా ఈ మూల ముట్టుకోవద్దులే," అన్నారు.

అప్పట్లో నేను విజయవాడకూ ఉయ్యూరుకూ మధ్య, కాలవ పక్కనున్న ఒక చిన్న ఊళ్లో మిషన్ ఆసుపత్రి నర్సును. ఆయన అక్కడే డ్రైవరు. పెళ్లయి పద్దెనిమిదేళ్లయింది. పిల్లలు లేరు. ఆసుపత్రి కాంపౌండు చివర రెండు గదుల క్వార్టర్సులో ఉండేవాళ్లం. ఆ క్వార్టర్సుకు, స్టోర్సు గోడకు మధ్య, ఎండా వానా పడే చోట ఎనిమిదేళ్లుగా ఆ బండి నిలబడి ఉంది.

అది మామూలు వ్యాను కాదు. ఆసుపత్రిలో పనిచేసిన విదేశీ డాక్టరు దొరసాని గారు తన దేశం నుంచి ఓడలో మద్రాసుకు తెప్పించుకున్నది. లోపల మడతపెట్టే మంచం, చిన్న అలమర, చేతులు కడుక్కునే తొట్టి, స్టవ్వు పెట్టుకోవడానికి గూడు ఉండేవి. ఆమె దాంట్లో లంక గ్రామాలకు వెళ్లి, మూడు రోజులు అక్కడే మకాం వేసి, జనానికి మందులిచ్చి వచ్చేది. పదకొండేళ్లపాటు ఆ బండిని నడిపింది మా ఆయనే. ఆమె లోపల పడుకుంటే ఆయన బయట చాప పరుచుకునేవారు. ఆమె వయసు మళ్లి తన దేశం వెళ్లిపోయాక ఆ మకాములు ఆగిపోయాయి. ఆసుపత్రికి జీపు వచ్చింది. బండిని నెట్టుకెళ్లి స్టోర్సు వెనక పడేశారు.

దాన్ని తీసేసి అక్కడ వంటశాల కడతారని తెలిసిన రోజు మా ఆయన సూపరింటెండెంటు గారి దగ్గరికి వెళ్లి, ఆ బండి నాకిప్పించండని అడిగారు. ఆయన నవ్వి, కాగితం మీద రాసిచ్చారు.

"దాన్నేం చేసుకుంటారండీ?" అని అడిగాను.

"బాగుచేద్దాం. మనిద్దరమే. ఏడాదికొకసారి సెలవు పెట్టి పోదాం. కన్యాకుమారి దాకా పోదాం. ఎక్కడ పొద్దుపోతే అక్కడ ఆపుకుందాం. ఎవరి గడపా ఎక్కక్కర్లేదు."

చివరి మాట ఎందుకన్నారో నాకు తెలుసు. చుట్టాల ఇళ్లకు మేము వెళ్లడం మానేసి అప్పటికి చాలా ఏళ్లయింది. ఏ పెళ్లికి వెళ్లినా ఎవరో ఒకరు నా చెయ్యి పట్టుకుని పక్కకు తీసుకెళ్లి, ఫలానా ఊళ్లో ఒక మందు ఇస్తున్నారని చెప్పేవారు. ఆయన్ను రెండో పెళ్లి చేసుకోమని మా అత్తగారి తరఫు వాళ్లు నా ఎదురుగానే అన్నారు. నేను గుంటూరులో నర్సు ట్రైనింగు చేశాను. అంతకు మించి ఎక్కడికీ వెళ్లలేదు. సరేనన్నాను.

కోడి తన పిల్లల్ని దింపుకుని వెళ్లిపోయాక బండిని మా క్వార్టర్సు ముందుకు నెట్టించుకుని పని మొదలుపెట్టాం. అవి ఎండాకాలం రోజులు. కాలవలు కట్టేశారు. సాయంత్రం నాలుగింటికి నా డ్యూటీ అయ్యాక పాత చీర కట్టుకుని, ముక్కుకు గుడ్డ చుట్టుకుని తుప్పు గీకేదాన్ని. ఆయన జీపు లోపల పెట్టి వచ్చేవారు. ఇద్దరం చెరో పక్క కూర్చునేవాళ్లం. అంగుళం మేర తుప్పు కనిపించిన చోట గీకితే జానెడు రేకు పొడై రాలేది. ఆ కన్నంలోంచి అవతల ఆయన ముఖం కనిపించేది. మొదటి నెలలో అది చూసి ఇద్దరం నవ్వుకున్నాం.

ఇంజను ఆయనే విప్పారు. ఒక్కొక్క ముక్కనూ కిరసనాయిల్లో కడిగి, గోనెపట్టా మీద వరసగా పేర్చారు. ఆ పట్టా దాటాలంటే నేను చీర కుచ్చెళ్లు ఎత్తి పట్టుకోవాల్సి వచ్చేది. ఆదివారం చర్చి అయ్యాక బస్సెక్కి విజయవాడ వెళ్లి, వన్‌టౌన్‌లో పాత పెట్టెల చెక్క, ఆటోనగర్‌లో గొట్టాలు, గాస్కెట్లు తెచ్చుకునేవాళ్లం. చెక్క కోయడం ఆయన పని. పట్టుకోవడం నా పని. పరుపుకు కొబ్బరిపీచు నేనే కూరాను. వార్డులో పనికిరాకుండా పోయిన దుప్పట్లకు ఆకుపచ్చ రంగు వేసి, చేతి మిషను మీద కర్టెన్లు కుట్టాను.

ఆ పనిలో ఉన్నప్పుడు మేము ఎక్కువ మాట్లాడుకునేవాళ్లం. ఇంట్లో అన్ని మాటలు ఉండేవి కావు. పనిముట్టు అందిస్తూ, చెక్క పట్టుకుంటూ ఆయన తన చిన్నతనం గురించి చెప్పేవారు. పద్దెనిమిదేళ్లలో నేను వినని సంగతులవి.

అతుకులు వేయడానికి ఉయ్యూరు నుంచి వెల్డింగు సాయిబు గారిని పిలిచాం. మా ఆయనకు పాత స్నేహితుడు. బండి కింద దూరి, చాలాసేపు సుత్తితో తడుతూ ఉండి, బయటికొచ్చి గడ్డం దులుపుకున్నాడు.

"పైరేకు మారుస్తాన్లే అన్నా. అది పెద్ద పని కాదు. అడుగున ఛాసీ పోయింది. దానికి అతుకెయ్యాలంటే అతుకు పట్టటానికి కాస్త ఇనుమన్నా ఉండాలిగా."

"ఎంత దూరం పోద్దంటావ్?"

"కాలవ గట్టు దాకా పోద్ది. కన్యాకుమారి మాట మాత్రం నన్నడగమాక."

మా ఆయన తల ఊపి, "నువ్వు పైరేకు మార్చు," అన్నారు.

ఆ రోజే ఆగాల్సింది. ఆగలేదు. ఆగితే మళ్లీ సాయంత్రాలు ఆ రెండు గదుల్లో గడపాలి. ఆ సంగతి ఇద్దరం పైకి అనలేదు.

వానాకాలం పోయి చలి మొదలయ్యేసరికి రంగు దాకా వచ్చాం. లప్పం పెట్టి, గరుకు కాగితంతో రుద్ది, లేత నీలం రంగు తెచ్చుకున్నాం. ఆయన ఒక పక్క అంతా వేశారు. మర్నాడు వెలుగులో చూస్తే ఆ పక్క రెండు అంచుల్లోనూ బెత్తెడు వెడల్పున రంగు పడలేదు. తొందరలో వదిలేశారనుకుని నేను పూర్తిచేశాను. రెండో పక్క కూడా అలాగే వదిలారు. అప్పుడు నాకు కొన్ని విషయాలు వరసగా గుర్తొచ్చాయి. తెరిచి ఉన్న అలమర తలుపుకు ఆయన నుదురు మూడుసార్లు తగిలింది. పక్కనే పెట్టిన మంచినీళ్ల గ్లాసు మోచెయ్యి తగిలి పడిపోయేది. పక్కనుంచి నేను వెళ్లి పలకరిస్తే ఉలిక్కిపడేవారు.

ఒక సాయంత్రం ఆయన ఎదురుగా స్టూలు మీద కూర్చుని, "నా ముక్కు మీదే చూడండి. చూపు కదపొద్దు," అన్నాను. చెయ్యి పక్కకు చాపి మూడు వేళ్లు చూపించాను.

"ఎన్ని వేళ్లు?"

"ఏ వేళ్లు?" అన్నారు.

చెయ్యి కొంచెం నా వైపుకు తెచ్చాను. ఇంకొంచెం తెచ్చాను. దాదాపు నా చెవి దాకా తెచ్చాక, "మూడు," అన్నారు. ఆ తర్వాత నా ముఖం చూసి, "ఏమైంది?" అని అడిగారు.

అప్పటికి జై ఆంధ్ర ఉద్యమం జోరుగా ఉంది. బస్సులు ఆగిపోయాయి. విజయవాడలో కర్ఫ్యూ అన్నారు. మా ఆసుపత్రిలో కళ్ల డాక్టరు లేడు. వారం వారం రేపు మాపు అనుకుంటూ చాలా రోజులు గడిచిపోయాయి. బస్సులు తిరిగిన మొదటి వారంలోనే విజయవాడ వెళ్లాం. ఆ డాక్టరు గారు పెద్దాయన. చాలాసేపు చూసి, కుర్చీ వెనక్కి జరుపుకున్నారు.

"నీటికాసులు. రెండు కళ్లకీ ఉంది. ఎదురుగా ఉన్నది కనపడుద్ది, పక్కలు పోయినయ్యి. పోయిన చూపు ఇక రాదు. చుక్కలు రాసిస్తాను. ఉన్నదన్నా నిలబడుద్దని మాటివ్వలేనండి."

మా ఆయన చొక్కా గుండీ సర్దుకుంటున్నారు. డాక్టరు గారు చీటీ రాస్తూ, "ఏం పని చేస్తారు?" అని అడిగారు.

"స్టోర్సులో గుమాస్తానండి," అన్నారు మా ఆయన. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

నేను పక్కనే ఉన్నాను. నేను నర్సును. నోరు విప్పలేదు.

తిరుగు బస్సు కంకిపాడు దాటింది. ఆయన కిటికీ వైపు తిరిగి, "బండి అయ్యేదాకా ఆగు. ఒక్కసారి వెళ్లొద్దాం. ఆ తర్వాత నేనే వెళ్లి చెప్పేస్తాను," అన్నారు.

"జీపు మాటేంటండీ? జీపులో జనం ఉంటారు."

"మెల్లగా నడుపుతాను."

ఉద్యోగం పోతే క్వార్టర్సు పోతుంది. ఆయన ఇంకే పనీ నేర్చుకోలేదు. ఇవన్నీ నాకు తెలుసు. కానీ నేను ఒప్పుకున్నది వాటికోసం కాదు. ఆయన నన్ను ఏదైనా అడగడం చాలా అరుదు. అందుకని ఒప్పుకున్నాను.

ఆ తర్వాత పది నెలలు ఆయన జీపు నడిపారు. ప్రసవం కష్టమైన ఆడవాళ్లను, పాము కరిచినవాళ్లను తీసుకొచ్చారు. దారి పొడుగునా హారను కొడుతూ, ఎడ్లబండి వెనకైనా ఓపిగ్గా నడిపేవారట. ఎంత జాగ్రత్త గల మనిషో అని రోగుల తాలూకు వాళ్లు నాతో అనేవారు. జీపు గేటు దాటినప్పుడల్లా నేను వార్డు వరండాలో నిలబడేదాన్ని. తిరిగొచ్చిన చప్పుడు వినేదాకా ఏ పని చేస్తున్నా ధ్యాస గేటు మీదే ఉండేది. ఒకసారి ఒక పిల్లకు ఇవ్వాల్సిన మందు మరో పిల్లకు ఇవ్వబోయి ఆగాను. ఆ పది నెలల్లో జీపు ఎవరికీ తగల్లేదు. అందువల్ల నా తప్పు ఏమీ తగ్గదు. ఎవరైనా పోయి ఉంటే ఆ ప్రాణం నా చేతుల మీదుగా పోయినట్టే. ఇది తెలిసే రోజూ టోపీ పెట్టుకుని వార్డుకు వెళ్లేదాన్ని.

బండి పని మాత్రం ఆపలేదు. ఆయన డ్యూటీకి వెళ్లాక, రంగు పడని చోట్ల నేను బ్రష్షు వేసేదాన్ని. సాయంత్రం వచ్చి చేత్తో తడిమి, "బాగా కుదిరింది," అనేవారు. ఎవరు కుదిర్చారో ఆయనకు తెలుసు. స్క్రూలు కంటితో కాకుండా బొటనవేలితో వెతికి బిగించేవారు. బండికి అంత దూరం వెళ్లే సత్తువ లేదని, నడిపే మనిషికి చూపు లేదని ఇద్దరికీ తెలుసు. తెలిసే ఒక ఆదివారం విజయవాడలో కర్టెన్లకు ఇత్తడి రింగులు కొన్నాం. ఏ రకం బాగుంటాయా అని కొట్టువాడితో అరగంట మాట్లాడాం.

క్రిస్మస్ వెళ్లిన తర్వాత ఇంజను పలికింది. హ్యాండిలు కొట్టగా కొట్టగా ఒక్కసారిగా అందుకుంది. ఆయన రేడియేటరు మీద రెండు చేతులూ ఆనించి అలాగే నిలబడిపోయారు. నేను లోపల మంచం మీద కూర్చుని ఉన్నాను. నా కింద మంచం అదురుతోంది. ఆ ఒక్క పూట నాకు అన్నీ జరుగుతాయనిపించింది.

వారం రోజులు సెలవు పెట్టాం. ఉదయం ఏడింటికి బయలుదేరాం. బియ్యం, స్టవ్వు, పచ్చడి సీసా, రెండేసి జతల బట్టలు సర్దుకున్నాం. వార్డు ఆయా ప్రార్థన చేసింది. వంటశాల వాళ్లు, నర్సులు గేటు దాకా వచ్చారు. నీలం రంగు బండి ఎండలో కొత్తదానిలా ఉంది. మొదటి రోజు బ్యారేజీ దాటి, గుంటూరు మీదుగా చీరాల సముద్రం దగ్గర ఆగుదామనుకున్నాం.

నేను ఎడమ పక్క కూర్చున్నాను. గేటు దాటిన దగ్గర్నుంచీ చెబుతూనే ఉన్నాను.

"ఎడం పక్క సైకిలండీ."

"ఊఁ."

"ఎడం పక్క గేదె. కట్టేసే ఉంది, పోనీండి."

"ఊఁ."

ఎడమ వైపు ఉన్నదంతా నేను చెప్పగలిగాను. కుడి వైపు నాకు ఆయన భుజం అడ్డు. అది ఉయ్యూరు ఫ్యాక్టరీకి చెరుకు తోలే కాలం. ఊరు దాటి మైలు కూడా పోలేదు. కుడి పక్క చేలోంచి ఒక చెరుకు బండి రోడ్డెక్కుతోంది. ఎడ్ల గంటలు నాకు వినిపించాయి. ఎటు నుంచో తెలుసుకునేలోపు మా బండి ముందు భాగం ఏదో మెత్తటిదానికి తగిలింది. తర్వాత చెరుకు గడలు అద్దం మీద పడ్డాయి. మా కాళ్ల కింద పెద్దగా పటపటమని శబ్దం వచ్చి, నేల మొత్తం ఒక పక్కకు దిగిపోయింది.

కిందికి దిగి చూస్తే కాడికి ఎడమ పక్కన కట్టిన దాపటెద్దు పడిపోయి ఉంది. ముందు కాలు మోకాలి కింద వంకరగా తిరిగిపోయింది. అది అరవడం లేదు. ముక్కుతో గట్టిగా గాలి వదులుతోంది. బండి తోలే రైతు యాభై దాటినవాడు. కాడి విప్పి, ఎద్దు తల ఒళ్లో పెట్టుకుని మట్టిలో కూర్చున్నాడు. మమ్మల్ని తిడతాడని నేను ఎదురుచూశాను. తిట్టలేదు. మా ఆయన్ను చూసి అడిగాడు.

"పక్కనే వస్తన్నా గదయ్యా. గంటలు గూడా ఉన్నయ్యి. కనపళ్లేదా నీకు?"

"కనపళ్లేదు," అన్నారు మా ఆయన.

నేను తప్ప ఇంకో మనిషి ముందు ఆయన ఆ మాట అనడం అదే మొదలు. అంతలో సైకిళ్ల వాళ్లు, ఆసుపత్రి నుంచి పరిగెత్తుకొచ్చిన వాళ్లు గుమిగూడారు. అందరూ విన్నారు. ఆయన ఎద్దు పక్కన మోకాళ్ల మీద కూర్చుని, దాని విరిగిన కాలు ఎక్కడుందో చేతులతో వెతుకుతున్నారు. అది చూశాక ఎవరికీ ఇక ఏమీ చెప్పక్కర్లేకపోయింది.

మర్నాడు సూపరింటెండెంటు గారు ఇద్దర్నీ పిలిచారు.

"ఎప్పట్నుంచి?" అని అడిగారు.

మా ఆయన తల వంచుకుని ఉన్నారు. నేనే చెప్పాను. "డాక్టరు చెప్పి పది నెలలైందండి."

ఆయన మా ఆయన్ను వదిలేసి నా వైపు చూశారు. "నువ్వు నర్సువమ్మా," అన్నారు.  నెలాఖరుకు ఇద్దరం ఉద్యోగాలు మానుకున్నాం. మానమని ఆయన నాకు చెప్పలేదు. నాకే ఆ వార్డులోకి వెళ్లడానికి కాళ్లు రాలేదు.

రైతుకు ఎద్దుకు ఎద్దు కొనిచ్చాం. నా గాజులు, మెడలో గొలుసు అందుకే పోయాయి. కొత్త ఎద్దు పాతదానితో జత కుదరలేదని తర్వాత తెలిసింది.

బండి నాలుగు రోజులు రోడ్డు పక్కనే ఉంది. ఛాసీ రెండుగా విరిగింది కాబట్టి లాగడం కుదరలేదు. చివరికి వెల్డింగు సాయిబు గారే వచ్చి, తన చేత్తో వేసిన అతుకుల్ని తనే గ్యాసుతో కోశాడు. నేను వెళ్లి నిలబడ్డాను. మా ఆయన రాలేదు. మంచం, అలమర ఎవరో పట్టుకుపోయారు. సాయిబు గారు కర్టెన్లు మడతపెట్టి నా చేతిలో పెట్టబోయాడు.

"ఉంచుకోండి వదినగారూ. చేత్తో కుట్టుకున్నారు."

వద్దన్నాను. ఆయన వాటిని ఏం చేశాడో నాకు తెలియదు.

విజయవాడలో ఏలూరు కాలవ వైపు ఒక గది తీసుకున్నాం. ఒక ప్రైవేటు నర్సింగ్ హోములో నాకు పని దొరికింది. చుక్కలు వేస్తూనే ఉన్నాను. ఎదురుగా మిగిలిన చూపు కూడా ఏడాదిన్నరలో పూర్తిగా పోయింది. చివరి నెలల్లో ఆయనకు నా ముఖంలో నోరు ఒకటే కనిపించేదట. ఆ తర్వాత అదీ లేదు.

ఒక మధ్యాహ్నం ఇద్దరం కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నాం. ఆ పని ఆయనకు బాగా అలవాటైంది. ఉన్నట్టుండి అన్నారు.

"ఆ రోజు కళ్ల డాక్టరు దగ్గర నువ్వు నోరు విప్పుంటే బాగుండేది."

నా చేతిలో కాయ అలాగే ఉండిపోయింది. రెండేళ్లుగా ఆ మాట కోసమే ఎదురుచూస్తున్నానని అప్పుడు తెలిసింది. ఓదార్పు మాట చెప్పాలనుకున్నాను. నోటికి వచ్చింది అది కాదు.

"మీరు అబద్ధం చెప్పకపోయినా బాగుండేదండీ."

ఆయన చేతిలో కాయ ఈనె తీసి, "అవును," అన్నారు. మళ్లీ కాయ అందుకున్నారు. ఇద్దరం ఆ కూర వండుకుని తిన్నాం. నేను క్షమించమని అడగలేదు. ఆయనా అడగలేదు. అడిగితే ఇద్దరం ఒప్పుకునేవాళ్లమే. ఒప్పుకుని ఏం చేసుకోవాలో తెలియక అడగలేదేమో.

ఆయన ఆ తర్వాత ఆరేళ్లు బతికారు. గది దాటి వీధి చివర పంపు దాకా కర్ర పట్టుకుని వెళ్లేవారు. అంతకంటే దూరం తీసుకెళతానంటే వద్దనేవారు. పొద్దున నేను డ్యూటీకి వెళ్లేటప్పుడు రేడియో పెట్టి వెళ్లేదాన్ని. కొన్ని రోజులు నేను తిరిగొచ్చేసరికి స్టేషను పోయి రేడియో గుర్రుమంటూ ఉండేది. ఆయన దాని పక్కనే కుర్చీలో, చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని, అదే వింటూ కూర్చుని ఉండేవారు.

"ఆపేసుకోవచ్చు కదండీ," అంటే, "ఏదో ఒకటి, మోగనీలే," అనేవారు.